బీడు భాగం విరిగితే రకం గుర్తించి అతకడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం వైపు రైస్ మిల్లుల్లో, చెరకు గానుగల్లో పుల్లీలు, బేరింగ్ హౌసింగులు చాలావరకు బీడువే, అంటే పోత ఇనుమువి. విరగ్గానే వెల్డింగ్ షాపుకు పరుగెత్తకండి. రకం తెలియకుండా వేసిన అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది.

ముందు విరిగిన ముఖాన్ని కిరోసిన్‌తో కడిగి వెలుతురులో చూడండి. ముదురు బూడిద రంగులో ఉండి, రుద్దితే వేలికి నల్లగా అంటితే అది గ్రే రకం బీడు. అందులో కార్బన్ గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. అదురును మింగుతుంది, నొక్కుడు బరువు బాగా మోస్తుంది, లాగితే మాత్రం తట్టుకోలేదు. ముఖం వెండిలా మెరిసి, ఆకురాయి జారిపోతే వైట్ రకం. అరుగుదలను తట్టుకోవాల్సిన చోట దాన్ని వాడతారు. పోసేటప్పుడు పైపొరను వేగంగా చల్లార్చిన చిల్డ్ రోలర్లకు పైన వైట్, లోపల గ్రే ఉంటుంది.

ఎస్‌జీని, అంటే గ్రాఫైట్ గుండ్లుగా ఉండే బీడును, రంగుతో పట్టుకోవడం కష్టం. పగులు లేని ముక్కను వేలాడదీసి సుత్తితో తట్టండి. గ్రే మొద్దుగా పలుకుతుంది, ఎస్‌జీ ఖంగుమంటుంది. 0.03–0.05 శాతం మెగ్నీషియం వల్ల గ్రాఫైట్ గుండ్రంగా మారి, లోహం విరిగేముందు కాస్త సాగుతుంది. పోత మీద ఎస్‌జీ 500/7 అని ఉంటే 500 మెగాపాస్కల్ బలం, 7 శాతం సాగుదల అని అర్థం.

వైట్‌ను అతకొద్దు, మార్చేయండి. పైపు ఎల్బోల్లాంటివి మాలియబుల్, అంటే వైట్‌గా పోసి ఎక్కువసేపు వేడిచేసి మెత్తబరిచిన బీడు. దానికి ఇత్తడి కరిగించి అతికే బ్రేజింగే మేలు. ఆర్క్ (కరెంటు వెల్డింగ్) వేడికి కరిగిన చోట అది మళ్లీ వైట్‌గా మారి పెళుసవుతుంది. గ్రేకు నికెల్ రాడ్, ఎస్‌జీకి నికెల్-ఐరన్ రాడ్ వాడండి.

గ్రే అతికేటప్పుడు పగులు రెండు కొసల్లో 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి. లేకుంటే పగులు ముందుకు పాకుతుంది. 60–70 డిగ్రీల వి-గాడి తీయండి. పాత హౌసింగ్ నూనె పీల్చుకుని ఉంటుంది, వేడిచేసి తుడవకపోతే అతుకంతా బొక్కలే. తక్కువ కరెంటులో ఒక్కో అతుకు 25 మిల్లీమీటర్ల పొడవుకు మించకుండా వేసి, వేడి ఉండగానే గుండ్రటి సుత్తితో మెల్లగా కొట్టండి. చేయి ఆనించగలిగే వరకు ఆగి, దూరంగా మరో ముక్క వేయండి. తొందరపడి నీళ్లు చల్లితే టప్పున పగులుతుంది. చివర్లో పొడి ఊక బూడిదలో కప్పి ఉంచండి. మిల్లులో దానికి కొదవ లేదు.

ఫ్లైవీల్ అంచు పగిలితే మాత్రం ఇవేవీ పనికిరావు. తిరిగే వేగానికి అతుకు ఊడితే ముక్క మనిషి మీదికొస్తుంది. కొత్తదే వేయండి.