హీట్ ష్రింక్ స్లీవ్ వేయడం ఎలా: తెగిన వైరు నుంచి గాలపు రాడ్ పిడి దాకా

వైరుకు చుట్టిన ఇన్సులేషన్ టేపు రెండు వేసవులు గడిచేసరికి జిగురు కారి, అంచులు లేచి, ముట్టుకున్న వేళ్లకల్లా నల్లగా అంటుకుంటుంది. దానికి బదులు వేడి తగిలితే ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం వాడమని చెబితే చాలామంది కొనుక్కొచ్చి, సిగరెట్ లైటరుతో ఒక పక్క మాడ్చి, మరో పక్క వదులుగా వదిలేసి, ఆ గొట్టమే పనికిరాదని తేల్చేస్తారు. ఇన్నేళ్లలో నా దగ్గరికి బాగుచేయమని వచ్చిన ఛార్జర్ వైర్లలోనూ, చెరువు గట్టున చూసిన గాలపు రాడ్లలోనూ సగానికి పైగా ఇలా పాడైనవే. లోపమల్లా వేడి ఇచ్చే తీరులోనే ఉంది కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

కావలసినవి కొద్దే. గొట్టం, పదునైన కత్తెర, వేడి గాలి చిమ్మే హీట్ గన్, స్పిరిట్‌లో తడిపిన గుడ్డ, కొలిచేందుకు వెర్నియర్ లేదా స్కేలు ఉంటే చాలు. ఎలక్ట్రీషియన్లు ఈ గొట్టాన్ని స్లీవ్ అంటారు. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్ వంటి చోట్ల మీటరు లెక్కన దొరుకుతుంది. రంగురంగుల ముక్కలున్న డబ్బా సెట్టు కొనవద్దు. అందులో మీకు కావలసిన కొలతవి రెండే ఉంటాయి, మిగిలిన ముక్కలు డబ్బాలోనే పాతబడతాయి. నల్లటిది మీటర్ల చొప్పున మూడు నాలుగు కొలతల్లో కొనిపెట్టుకోవడమే పద్ధతి.

కొలత చూసుకోవడం

గొట్టం మీద 6 మి.మీ. అని ఉంటే అది వేడి తగలక ముందు లోపలి వ్యాసం. 2:1 రకమైతే పూర్తిగా ముడుచుకున్నాక 3 మి.మీ. అవుతుంది, 3:1 అయితే 2 మి.మీ. అవుతుంది. ముడుచుకోక ముందు వస్తువు మీదుగా సులువుగా జారాలి, పూర్తిగా ముడుచుకున్నప్పటి కొలత మాత్రం వస్తువు మందం కంటే తక్కువ ఉండాలి. ఈ రెండో షరతునే జనం మరిచిపోతారు. టైప్-సి ఛార్జర్ వైరునే తీసుకోండి. ప్లగ్గు మీదుగా దూరాలంటే 12 మి.మీ. గొట్టం కావాలి, వైరు మందం చూస్తే 3.5 మి.మీ. ఉంటుంది. 2:1 గొట్టం 6 మి.మీ. దగ్గర ఆగిపోయి వైరు చుట్టూ చొక్కా చేతిలా వేలాడుతుంది. అక్కడ 3 మి.మీ. వరకు దిగే 4:1 రకమే వాడాలి. లోపల జిగురు పూత ఉన్నది దొరికితే మరీ మంచిది, వేడికి ఆ పూత కరిగి సందులు పూడ్చి తడిని ఆపుతుంది.

గొట్టం పొడవులోనూ కొంత తగ్గుతుంది, నూటికి 5 నుంచి 10 వంతుల దాకా. అందుకని కొంచెం ఎక్కువే కోయాలి. కోత నిటారుగా, నున్నగా ఉండాలి. అంచున చిన్న గాటు ఉన్నా వేడికి అది అక్కడి నుంచి నిలువునా చీలుతుంది.

వైరు అతుకు

ముందుగా ప్లగ్గును బోర్డు నుంచి ఊడదీయాలి. స్విచ్ ఆపితే సరిపోదు, మన ఇళ్లలో స్విచ్చులు కరెంటు తెచ్చే ఫేజు తీగకు బదులు న్యూట్రల్‌కు బిగించి ఉండడం అరుదేమీ కాదు. తర్వాత గొట్టాన్ని వైరులోకి ఎక్కించి, అతుకు వేసే చోటికి దూరంగా జరిపి పెట్టాలి. అతుకు వేసి, టంకం పెట్టి, చక్కగా పని ముగించాక గొట్టం బల్ల మీదే ఉండిపోయిందని గుర్తుకురావడం ఈ పనిలో అందరికీ ఒకసారైనా తప్పని అనుభవం. నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు జరుగుతూనే ఉంది. టంకం వేడి పాకి గొట్టం ముందే ముడుచుకోకుండా కనీసం జానెడు దూరంలో ఉంచాలి. రెండు తీగలుంటే వాటి అతుకులు పక్కపక్కన రాకుండా ఒకటి ముందు, ఒకటి వెనక ఉండేలా కోసుకోవాలి. ఒక్కో తీగకు ఒక సన్న గొట్టం, రెండింటినీ కలిపి పైన ఒక లావు గొట్టం వేయాలి.

ఇస్త్రీ పెట్టె, గీజరు వంటి వాటి వైర్లకు మాత్రం అతుకు అసలు వేయకూడదు. ఎక్కువ కరెంటు లాగే చోట అతుకు వేడెక్కుతుంది, పైన గొట్టం ఉంటే ఆ వేడెక్కడం కంటికి కనిపించదు. అక్కడ కొత్త వైరు వేయించడమే మార్గం. గ్యాసు స్టవ్ ట్యూబు పగుళ్ల మీద దీన్ని తొడిగినవారిని కూడా చూశాను. దాని గురించి చర్చే అనవసరం, ట్యూబు మార్చండి.

వేడి ఇవ్వడం

ఇక్కడ తొందర పడకూడదు. ఈ గొట్టం కరిగి అతుక్కుంటుందని చాలామంది అనుకుంటారు. అది కరగదు. పాలియోలెఫిన్ ప్లాస్టిక్కును కర్మాగారంలోనే ఎలక్ట్రాన్ కిరణాలకు గురిచేసి, దాని అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తారు. ఆ తర్వాత వేడి చేసి, వెడల్పుగా సాగదీసి, సాగి ఉండగానే చల్లారుస్తారు. మళ్లీ తగినంత వేడి తగిలినప్పుడు అది తన పాత కొలతకు తిరిగిపోతుంది. మామూలు రకాలు సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర కదలడం మొదలుపెట్టి 120 డిగ్రీలకల్లా ఆ పని ముగిస్తాయి. కాబట్టి గొట్టం చుట్టూ అన్ని వైపులా ఆ వేడి ఒకే తీరున అందాలి, అంతకు మించి అందకూడదు. లైటరు మంట ఈ రెండూ చేయలేదు. మంట తాకిన గీత వెంబడి గొట్టం మాడి పెళుసుబారుతుంది, వెనక వైపు పచ్చిగానే ఉంటుంది, పైగా మసి పడుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో చాలా రకాలు సగం ముడుచుకుని ఆగిపోతాయి.

హీట్ గన్ ముక్కు దగ్గర గాలి తక్కువ మీట మీద కూడా 300 డిగ్రీలు దాటవచ్చు. అందుకే తక్కువ మీటనే వాడాలి, గన్‌ను వైరుకైతే నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో, రాడ్‌కైతే ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి. గన్ ఒక క్షణమైనా ఒకే చోట నిలవకూడదు. చిన్న ముక్కకు మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు పోవాలి. పొడవైన గొట్టానికి ఒక కొన నుంచి రెండో కొనకు వెళ్లాలి. రెండు కొనలూ ముందు బిగించేసి మధ్యకు వస్తే లోపలి గాలి ఎటూ పోలేక అప్పడంలా పొంగుతుంది, ఆ పొంగును ఇక సరిచేయలేము.

గొట్టం ముడతలు పోయి, కింది వస్తువు ఆకారం స్పష్టంగా పైకి తేలితే పని అయినట్టే. జిగురు రకమైతే రెండు అంచుల్లో సన్నగా జిగురు పూస కనిపించాలి. అంతటితో ఆపాలి. ఇంకొంచెం బిగుస్తుందేమోనని మళ్లీ గన్ పెట్టడం వల్లే పైపొర మెరుపు పోయి పగుళ్లిస్తుంది.

గాలపు రాడ్ పిడి

శీలావతికో బొచ్చెకో గాలం వేసేవారి చేతులు తవుడు ముద్దతోనూ చేప జిగటతోనూ నిండి ఉంటాయి కాబట్టి నున్నటి గొట్టం ఇక్కడ పనికిరాదు. గళ్ల అల్లిక పైకి కనిపించే, జారని రకం రాడ్ల కోసమే అమ్ముతారు, అదే కొనాలి. లోపల జిగురు పూత ఉన్నది మాత్రం వద్దు, పదేళ్ల తర్వాత మార్చాలంటే పిడి ఊడొస్తుంది. సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టేవారు, క్రికెట్ బ్యాట్ గ్రిప్ ఎక్కించేవారు ఉన్నారు. అవి కొన్నాళ్లు బాగానే ఉంటాయి, ఆ తర్వాత కింద నీరు చేరి పిడికి ఉన్న కార్క్ పాడవుతుంది.

అడుగున ఉన్న రబ్బరు మూత తీసి, గొట్టాన్ని ఆ వైపు నుంచే ఎక్కించాలి. రీలు బిగించే చోటు దాటి ముందుకు అది పోదు, సన్నని కొన వైపు నుంచి ఎక్కిద్దామంటే దారాన్ని నడిపే రింగులు అడ్డొస్తాయి. కనుక వెనక పిడికి మాత్రమే ఇది కుదురుతుంది. కార్క్‌లో గుంటలుంటే ముందే పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడవాలి. కింద ఉన్న ప్రతి గుంటా పైకి కనిపిస్తుంది. ముప్పై సెంటీమీటర్ల పిడికి ముప్పై మూడు కోసుకోండి.

వేడి ఇవ్వడంలో జాగ్రత్త ఇక్కడ రెట్టింపు కావాలి. రాడ్‌లోని కార్బన్ పోగులకు ఈ వేడి లెక్క కాదు గానీ వాటిని పట్టి ఉంచే ఎపాక్సీ రెసిన్ మెత్తబడుతుంది, పిడి ఈ.వి.ఏ. అనే మెత్తని ఫోమ్‌దైతే అది ఇంకా ముందే మెత్తబడి రూపు మారుతుంది. గన్ తిప్పడం కంటే రాడ్‌ను తిప్పడం తేలిక. ఇద్దరుంటే ఒకరు రాడ్‌ను రెండు కుర్చీల వీపుల మీద ఆన్చి నెమ్మదిగా తిప్పుతుంటే, మరొకరు రీలు వైపు నుంచి అడుగు వైపుకు గన్ నడపాలి. ప్రతి పది సెంటీమీటర్లకూ ఆగి, అప్పుడే బిగిసిన చోటికి పక్కన వేలు పెట్టి చూడండి. మూడు అంకెలు లెక్కించేదాకా వేలు నిలవకపోతే, చల్లారేదాకా గన్ పక్కన పెట్టాలి. తడిగుడ్డతో చల్లార్చవద్దు.

పూర్తిగా చల్లారాక మిగిలిన అంచును కోసేటప్పుడు బ్లేడు కిందికి దిగి కార్బన్ గొట్టాన్ని గీయకుండా చూడాలి. వెంట్రుకంత గీటు పడినా పెద్ద చేప లాగినప్పుడు రాడ్ అక్కడే విరుగుతుంది. కోత గీత కింద ముందుగానే రెండు చుట్లు మాస్కింగ్ టేపు వేసి ఉంచితే ఆ భయం ఉండదు. ఈ తొడుగు కరెంటు నుంచి కాపాడుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కార్బన్ రాడ్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. గట్టు మీదుగా తీగలు పోతున్న చోట పిడికి ఏ గొట్టం తొడిగి ఉన్నా రాడ్ ఎత్తకూడదు.

రబ్బరు మూతను తిరిగి అంటించి, జిగురు ఆరడానికి ఒక రాత్రి వదిలేస్తే తెల్లవారి రాడ్‌ను చెరువుకు తీసుకుపోవచ్చు.