పక్కిల్లు ఏళ్లుగా ఖాళీగా పడి ఉంటే: ఇంగ్లండ్‌లో కౌన్సిల్‌ను కదిలించడం ఎలా

ఇంటికి తాళం వేసి వదిలేయడం ఇంగ్లండ్‌లో నేరం కాదు. అందుకే "పక్కిల్లు ఖాళీగా ఉంది" అని మాత్రమే రాస్తే ఫిర్యాదు ముందుకు సాగడం కష్టం. కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) ఇవ్వగల నోటీసుల్లో చాలావరకు ఆ ఇంటివల్ల జరిగే ఏదో ఒక హానికి ముడిపడినవే. ఆ హానిని మీరు పట్టి చూపాలి.

లోపలికి మాత్రం వెళ్లకండి. మీ పెరట్లోంచో, రోడ్డు మీంచో చూడండి. గట్టర్‌లో మొక్కలు మొలిచాయా? దాని కింద ఇటుకల మీద పచ్చటి నాచు చార దిగిందా? అదే ఎత్తులో మీ గోడ లోపలివైపు చెమ్మ పట్టిందా? మరక పక్కన కొలిచే టేపు పెట్టి ఫొటో తీయండి. వారానికోసారి అక్కడే నిలబడి, తేదీ వేసి తీస్తే అది పెరుగుతోందని ఎవరికైనా తెలుస్తుంది.

ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 7 పౌండ్లు కడితే ఓనర్ పేరు, చిరునామా దొరుకుతాయి. చాలాసార్లు ఆ చిరునామా ఖాళీ ఇంటిదే అయి ఉంటుంది, రిజిస్టర్ కాని పాత ఇళ్లూ ఉన్నాయి. అలాంటప్పుడు కౌన్సిల్ తన టాక్స్ రికార్డుల్లో వెతుక్కోగలదు, మీకు మాత్రం చెప్పదు. ఓనర్ దొరికితే ముందు మర్యాదగా ఉత్తరం రాయండి. రెండేళ్లు ఖాళీగా ఉన్న ఇంటిని కాంట్రాక్టర్‌తో బాగు చేయిస్తే వ్యాట్ 20 శాతం కాదు, 5 శాతమే. ఆ సంగతి తప్పక రాయండి, తెలియని ఓనర్లు ఉంటారు.

కదలిక లేకపోతే కౌన్సిల్‌కు రాయండి. కౌంటీ కౌన్సిల్, డిస్ట్రిక్ట్ కౌన్సిల్ రెండూ ఉన్న చోట ఇది డిస్ట్రిక్ట్ పని. ఖాళీ ఇళ్ల సంగతి చూసే ఎంప్టీ హోమ్స్ ఆఫీసర్ ఉంటే ఆయనకే రాయండి. లేకపోతే, ఎలుకల గురించి, మీ గోడలోకి దిగే చెమ్మ గురించి కౌన్సిల్‌లోని ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి చెప్పాలి. పగిలిన కిటికీలోంచి ఎవరైనా దూరేలా ఉంటే కౌన్సిల్ 48 గంటల నోటీసిచ్చి పలకలు కొట్టించగలదు. గోడ కూలేలా ఉంటే ఈమెయిల్‌తో ఆగకుండా అదే రోజు కౌన్సిల్‌లోని బిల్డింగ్ కంట్రోల్ విభాగానికి ఫోన్ చేయండి. వీధికే వికారంగా మారిన ముంగిలి, ముందుగోడ అయితే ప్లానింగ్ విభాగానికి రాస్తూ 1990 టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంలోని సెక్షన్ 215 నోటీసు (బాగుచేయమని ఓనర్‌ను ఆదేశించేది) ఇమ్మని పేరు పెట్టి అడగండి. అది అమల్లోకి రావడానికి కనీసం 28 రోజులు పడుతుంది.

ఓనర్ నోటీసును పట్టించుకోకపోతే కౌన్సిలే పని చేయించి, ఖర్చును చాలా సందర్భాల్లో ఆ ఆస్తి మీద బాకీగా వేస్తుంది. బాకీ తీరకపోతే ఇంటిని అమ్మించే దారి కూడా ఉంది.

మరోవైపు కౌన్సిల్ టాక్స్ (ఇళ్ల మీద కౌన్సిల్ వేసే పన్ను) ఒత్తిడి. ఏడాదికి పైగా సామాన్లు లేకుండా ఖాళీగా ఉన్న ఇంటికి 2024 ఏప్రిల్ నుంచి రెట్టింపు, అయిదేళ్లు దాటితే మూడు రెట్లు, పదేళ్లు దాటితే నాలుగు రెట్ల దాకా వేయొచ్చు. అమ్మకానికో అద్దెకో పెట్టినా, పెద్ద మరమ్మతులు జరుగుతున్నా ఏడాది దాకా ఈ అదనపు భారం నుంచి మినహాయింపు ఉంది.

కౌన్సిలే ఇంటిని తీసుకుని అద్దెకిచ్చే ఉత్తర్వు మీద ఆశ పెట్టుకోకండి. ఇల్లు రెండేళ్లు ఖాళీగా ఉండాలి, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది కలిగిస్తుండాలి, ఓనర్‌కు మూడు నెలల ముందు చెప్పాలి, ట్రిబ్యునల్ ఒప్పుకోవాలి. పైగా మరమ్మతు ఖర్చు ముందు కౌన్సిలే పెట్టుకోవాలి, అందుకే దీన్ని అరుదుగా వాడతారు.

ప్రతి ఫిర్యాదుకూ రిఫరెన్స్ నంబర్ తీసుకోండి. నెలలు గడిచినా పని జరగకపోతే ముందు కౌన్సిల్ సొంత ఫిర్యాదు ప్రక్రియ పూర్తిచేసి, సమస్య తెలిసిన 12 నెలల్లోగా కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. అక్కడ జాప్యాన్ని రుజువు చేసేవి ఆ నంబర్లూ తేదీలే.