బడి పిల్లలతోని ఫ్లై ఫిషింగ్: ముల్లు లేకుండ రెండు రోజులు, ముల్లుతోని రెండు గంటలు

ఫ్లై ఫిషింగా, మన వరంగల్ దిక్కునా, ఎవలు చేస్తరు సారూ అని నవ్వకుండ్రి, నేను గూడ గట్లనే నవ్విన. మా బావమర్ది డల్లాస్ నుంచి వచ్చుకుంట తొమ్మిది ఫీట్ల రాడ్ ఒకటి, రీలు ఒకటి పట్కొచ్చి "నీకు చేపల పిచ్చి గద బావా, ఉంచుకో" అన్నడు, అది ఏడాది దాక మా ఇంట్ల సజ్జ మీదనే దుమ్ము పట్టింది. ఒకనాడు ఎనిమిదో తరగతి పిల్లలకు చూపెడ్దామని బడికి పట్కపోయిన, ఇగ అయిపాయె, ఆ రోజు నుంచి "సార్ ఎప్పుడు పోదాం" అనుడే. ఇప్పటికి మూడు సార్లు తీస్కపోయిన, పరకాల రోడ్డు దిక్కు ఒక ఊరి చెరువుకు, పేరు రాస్తలేను, రాస్తే ఆదివారం అందరు అక్కడనే తేల్తరు. మొదటిసారి మస్తు తప్పులు చేసిన, రెండోసారి జర తక్కువ, అవన్ని కలిపి రాస్తున్న, మీరు గూడ పిల్లలను తీస్కపోవాలనుకుంటే అక్కరకొస్తది.

ముందుగాల ఈ ఫ్లై అంటే ఏందో పిల్లలకు తెలవాలె. మనం మామూలుగ వేసే గాలంల బరువంత సీసం గుండుల ఉంటది, విసిరితే ఆ గుండే దారాన్ని గుంజుకపోతది. ఇది ఉల్టా. గాలం ముల్లుకు ఈక చుట్టి చేసిన పురుగు బొమ్మ ఇది, మా పిల్లలు "ఉత్తుత్తి పురుగు" అని పేరు పెట్టిండ్రు, దానికి బరువే లేదు, ఊరికె విసిరితే కాళ్ల ముంగటనే రాలుతది. అందుకే బరువు దారంలనే పెడ్తరు, ఆ లావు దారం గాలిల సాగిపోయి పురుగును తీస్కపోయి నీళ్ల మీద మెల్లగ పెడ్తది. బోర్డు మీద రెండు సార్లు గీసి చెప్పిన, ఒక్కనికీ ఎక్కలే. "బోనాలప్పుడు పోతరాజు ఈరగోల తిప్పుతడు గద, గట్ల" అన్న, క్లాసంత ఒక్కసారే లేచి చేతులు తిప్పుడు మొదలుపెట్టిండ్రు. ఒక్కటే తేడా, ఈరగోల చప్పుడు చేస్తేనే పోతరాజు, ఇక్కడ చప్పుడైతే పని చెడ్డట్టే. దారం ఎనక పూర్తిగ సాగకముందే ముందుకు గుంజినమన్నట్టు, ఆ దెబ్బకు పురుగు తెగి ఎటో ఎగిరిపోతది.

ఇరవై మందికి ఇరవై రాడ్లు కొనాల్నా అంటే అక్కర్లేదు. జపాన్ల టెంకారా అని ఒక పద్ధతి ఉన్నది, రీలు గీలు ఏం ఉండది, కట్టె కొసకే దారం కట్టుడు, అంటే అచ్చం మన గాలం కట్టె లెక్కనే. ఎనిమిది ఫీట్ల సన్న వెదురు బొంగు తెచ్చి, మూడు పోగుల తంగూసు దారం పేని ఎనిమిది ఫీట్లు కట్టుండ్రి, దాని కొసకు సన్న తంగూసు మూడు ఫీట్లు, దాని కొసకు ఉత్తుత్తి పురుగు. పేనిన దారం ఎందుకంటే ఒంటి పోగు తంగూసు గాలికి కొట్టుకపోతది, బరువు చాలది. వారం రోజులు ముందే కట్టి నీళ్లల్ల తడిపి, కొసకు చిన్న బరువు గట్టి ఏలాడదీస్తే చుట్టలు పోయి నీటుగ సాగుతది. మా దగ్గర ఆరు కట్టెలే ఉన్నయి, సరిపోయినయి, ఎట్లనో ముంగట చెప్త. అమెరికా రాడ్ నేనే పట్టుకుంట, అది ఎవ్వనికియ్య, ఇరిగితే బావమర్దికేం చెప్పాలె.

ఇగ పర్మిషన్లు. హెడ్‌మాస్టర్ సంతకం, తల్లిదండ్రుల సంతకం, ఇవి అందరికి తెలిసినయే. చాన మంది మర్చిపోయేది ఏందంటే మత్స్యకారుల సంఘం. ఊరి చెరువుల చేపలు ఊరికె పెరగయి, సంఘపోళ్లు పిల్లలు పోసి, కావలి గాసి, ఎండకాలం వల గుంజుకుంటరు, అది వాళ్ల బతుకు. వారం ముందే పోయి సంఘం పెద్దమనిషితోని కూసొని మాట్లాడుండ్రి, సర్పంచ్‌కు గూడ ఒక మాట. నేను పోయినప్పుడు "పట్టిన చేపను మల్ల నీళ్లల్లనే ఇడుస్తం మామా" అన్న. ఆయన కాసేపు నా ముఖం చూసి, "పట్టుడెందుకు, ఇడుసుడెందుకు, నువ్వు సారువేనా" అన్నడు. నవ్వి ఒప్పుకున్నడు గని ఒక షరతు పెట్టిండు, బొచ్చె, రవ్వ పడితే పట్టినట్టే ఇడువాలె, జిలేబి ఎంత పట్టుకుంటే అంత తీస్కపోండ్రి, అది వద్దన్నా పెరుగుతది, మేము పోసిన పిల్లల మేత అదే తింటున్నది అని. ఆయన లెక్క కరెక్టే, జిలేబి అంటే తిలాపియా మనది కాదు, 1952ల బయట నుంచి తెచ్చింది, గుడ్లు, పిల్లలు నోట్లనే పెట్టుకోని కాపాడుతది, అందుకే గంత తొందరగ పెరుగుతది. మన అదృష్టం ఏందంటే ఉత్తుత్తి పురుగుకు అన్నిటికంటె ముందు ఉరికొచ్చేది గూడ అదే.

చెరువంటే పెద్ద పేర్లే యాదికొస్తయి, పాఖాల, రామప్ప, లక్నవరం. కాకతీయులు తవ్వించిన చెరువులు, చూసి రానీకె ఎంతో మంచిగుంటయి, ఈ పనికి మాత్రం వద్దు. పాఖాల అభయారణ్యం, అక్కడ గాలం ముచ్చటే తియ్యొద్దు, మిగిలిన రెండిట్ల సెలవు దినమైతే జనం, బోట్లు, మన ఎనక ఎవలు నడుస్తున్నరో చూస్కునుడే సరిపోతది. ఊరి చెరువో, కుంటో చాలు. అయితే దాన్ని ఎండకాలంల ఒకసారి చూసి ఉండాలె, ఎందుకంటే నీళ్లు నిండినంక గుంతలు కనపడయి. 2015 నుంచి మిషన్ కాకతీయల పూడిక తీసిండ్రు, ఆ తర్వాత ఇటుక బట్టీలకు, పొలాలకు మట్టి తీస్కపోయిండ్రు, జేసీబీ తవ్విన కాడ ఒడ్డుకు రెండు అడుగుల దూరంలనే మనిషి మునిగే లోతు ఉంటది. ఊళ్లె బర్లు కాసేటోళ్లను అడిగితే ఏ గుంత ఎక్కడున్నదో ఏలు పెట్టి చూపిస్తరు. మత్తడి దుంకుతుంటే ఆ దిక్కు పోవుడే బంద్. వినాయకులను కలిపిన కాడ గూడ వద్దు, ఇనుప తీగలు, కట్టెలు అడుగున ఉంటయి, గాలం పోతే మల్ల రాదు. ఇంకొకటి, కట్ట మీద నిలబడంగనే మీదికి చూడుండ్రి, కరెంటు తీగలు. మోటార్ల కోసం కట్ట పొంటి లైన్లు గుంజి ఉంటయి, నా కార్బన్ రాడ్ గాని, తడిసిన బొంగు గాని తీగకు తాకితే అంతే సంగతులు.

నెల అంటే నవంబర్ నడిమిట్ల నుంచి జనవరి దాక, నీళ్లు నిండుగ ఉంటయి, ఎండ కొట్టది. పొద్దుగాల ఆరింటికే పోవాలె అని ఎవలన్న అంటే వినకుండ్రి, చలికాలం పొద్దుగాల నీళ్లు సల్లగ ఉంటే జిలేబి మేతకే రాదు, పిల్లలు వణుక్కుంట కూసుంటరు. తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర, చాలు.

ఇప్పుడు అసలు ముచ్చట. మొదటిసారి నేను ప్రాక్టీస్ గీక్టీస్ ఏం చెయ్యలే, సీదా చెరువుకే తీస్కపోయిన. పది నిమిషాలల్ల ఒక పిల్లగాడు ఎనకకు విసిరిండు, ముందుకు గుంజితే వస్తలేదు, ఇంకా గట్టిగ గుంజిండు, అది నా అంగీ కాలర్‌ల దిగి ఉన్నది. రెండు ఇంచులు మీదికైతే మెడ. ఆ రోజు కట్టెలన్ని మూట గట్టి అటుకులు తిని ఇంటికొచ్చినం. అప్పటి నుంచి రూల్ ఏందంటే, ముల్లు లేకుండ బడి గ్రౌండ్‌ల రెండు రోజులు ఆడినంకనే చెరువు. ముల్లు బదులు ఎర్ర ఊలు దారం ముక్క కడ్తం, అది అంగికి తాకినా ఏం కాదు, ఎక్కడ పడ్డదో దూరం నుంచి కనపడ్తది. నేల మీద సైకిల్ టైర్లు పరుస్తం, ఊలు ముక్క టైర్ లోపట పడాలె. నేర్పేది మూడే మాటలు, "ఎనకకు... ఆగు... ముందుకు". మోచెయ్యి పక్కటెముకలకు ఆనిచ్చి, కట్టెను గడియారంల రెండు గంటల కాడ నుంచి పది దాక అనుకోండ్రి, అంతకంటె ఎక్కువ ఊపొద్దు. అందరికి తప్పేది "ఆగు" కాడనే. ఒక అమ్మాయి ఉండె, సన్నగ, క్లాసుల మాట్లాడదు, ఎనక దారం సాగేదాక తల తిప్పి చూసి అప్పుడే చెయ్యి కదిలిస్తుండె, పది సార్లల్ల ఎనిమిది సార్లు టైర్ల ఏసింది, క్రికెట్ల ఫాస్ట్ బౌలింగ్ చేసే పోరగాండ్లు నోరెళ్లబెట్టిండ్రు. బలం ఉన్నోనికి ఇది లేటుగ వస్తది, నిజం చెప్పాలంటే నాకు గూడ లేటుగనే వచ్చింది.

అదే రెండు రోజులల్ల సాయంత్రం పురుగులు కట్టుడు. చికెన్ సెంటర్ల బ్రాయిలర్ ఈకలు మెత్తగ ఉంటయి, పనికి రావు, నాటు కోడిపుంజు మెడ ఈకలు కావాలె, అవి బిర్రుగ ఉండి నీళ్ల మీద పురుగు కాళ్ల లెక్క నిలబడ్తయి. పన్నెండో నంబర్ ముల్లు, ఈ నంబర్లు ఎంత పెరిగితే ముల్లు అంత చిన్నది. కుట్టు మిషన్ దారం చుట్టి, ఈక కొన కట్టి, నాలుగు చుట్లు తిప్పి, ముడేసి, ముడి మీద గోళ్ల రంగు చుక్క. గోళ్ల రంగు ఆడపిల్లలే తెచ్చిండ్రు, అందుకే మా పురుగులన్ని గులాబి తలలతోని ఉంటయి. కట్టుడు కంటె ముందు చెయ్యాల్సింది ఒకటున్నది, ముల్లు కొనకు లోపటి దిక్కు ఎనకకు లేచి ఉండే చిన్న పన్నును కటింగ్ ప్లేయర్‌తోని నొక్కి పండబెట్టాలె. అయిందో లేదో తెల్వనీకె పాత కాటన్ గుడ్డల గుచ్చి తీస్తే పోగు రాకుండ జారి రావాలె, పోగు పట్టుకున్నదంటే ఇంకా నొక్కాలె. ఈ పని నేనే చేస్త, ఒక్కొక్కటి గుడ్డల గుచ్చి చూస్త, పిల్లలకు ఒప్పజెప్ప.

చెరువు కాడ ఇరవై మంది, నలుగురు పెద్దోళ్లు, ఐదుగురికి ఒకరు, నలుగుర్ల ఒకరు ఈతొచ్చినోళ్లు. ఒక లారీ ట్యూబు, ఒక పొడుగు మోకు ఒడ్డు మీదనే రెడీగ ఉండాలె, బండ్ల కాదు. ఒక్క బ్యాచే కట్టెలు పట్టుకుంటది, ఐదుగురు, మనిషికి మనిషికి ఇరవై ఐదు ఫీట్ల ఎడం, చున్నంతోని గీత గీసి నిలబెడ్తం, ఎనకాల గూడ అంతే దూరం ఖాళీ, ఆ జాగల బర్రె గూడ రావొద్దు. టోపి, కండ్లద్దాలు లేకుంటే కట్టె ముట్టనియ్యం, అద్దాలు ఏ రకమైనా సరే. గాలి గూడ చూస్కోవాలె, కుడిచెయ్యి వాటం పిల్లలకు గాలి ఎడమ నుంచి రావాలె, కుడి నుంచి కొడితే పురుగు ముఖం మీదికే వస్తది. మిగిలిన పదిహేను మంది ఏం చెయ్యాలె అంటే, వాళ్లకు చాయ్ జాలీలు, తెల్ల పళ్లెం, ఒడ్డు గడ్డి పొంటి చెయ్యి అందేంత కాడ జాలితోని గాలించి ఏమేం పురుగులున్నయో పళ్లెంల పోసి చూసుడు. తూనీగ పిల్ల దొరికితే మస్తు సందడి, "సార్ ఇది తూనీగనా, రెక్కలేవి" అని. నీళ్లల్ల ఇట్ల ఉండి తర్వాత గడ్డి పరక ఎక్కి తోలిడిసి ఎగుర్తది అని అక్కడనే చెప్పొచ్చు, చేపకు ఇసొంటి పురుగులు తెలుసు, మనం ఈకతోని చేసింది గసొంటి పురుగు బొమ్మనే అని గూడ. నిజానికి చేపలు పడని రోజు గూడ ఈ జాలి పని ఒక్కటే పిల్లలను పట్టి ఉంచుతది.

చేప పడ్డంక ముందు చెయ్యి తడుపుకోవాలె, ఎండిన చేత్తోని పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోయి తర్వాత రోగమొస్తది. పన్ను నొక్కి ఉన్నది గాబట్టి ముల్లు ఊరికెనే వస్తది, వీలైతే నీళ్లల్ల ఉండంగనే తియ్యుండ్రి. జెల్ల పడితే పిల్లలను ముట్టనియ్యొద్దు, ఈపు మీద ఒకటి, రెండు పక్కల రెండు ముండ్లు నిలబెడ్తది, ఇంగిలాయి అయితే ఇంకా తేజు, కుట్టిందంటే చెయ్యిని తట్టుకునేంత వేడినీళ్లల్ల పెట్టి దవాఖానకు పోవాలె. అందుకే ఫ్లాస్క్‌ల వేడినీళ్లు తీస్కపోతం, అక్కరరాకుంటే చాయ్ అయితది. ఒడ్డు కాడ సన్న ఎర్ర చేప పిల్లలు గుంపుగ బుడగలు తీస్కుంట తిరుగుతుంటే కింద కొర్రమీను కావలి ఉన్నదన్నట్టు, అక్కడ విసరొద్దు, తల్లిని పడితే ఆ పిల్లలను మిగిలిన చేపలు తింటయి. గాలం ముల్లు ఏల్ల దిగితే వచ్చిన దారినే మెల్లగ తీసి, కడిగి, టీటీ సూది ఇప్పియ్యాలె. కంటి కాడ అయితే మాత్రం ముట్టొద్దు, గుంజొద్దు, దారం కోసి, పేపర్ కప్పు పైనుంచి మూసి సీదా దవాఖానకే.

పోయేటప్పుడు ఇచ్చిన పురుగులు ఎన్నో రాసి పెట్టుకోండ్రి, వచ్చేటప్పుడు లెక్క సరిపోవాలె. పోయినసారి పద్దెనిమిది ఇస్తే పదిహేడే వచ్చినయి. బర్లు మేసే గడ్డి అది, నోట్లకు పోయిందంటే ఆ కాపరి మమ్మల్ని మల్ల చెరువు దిక్కు చూడనియ్యడు, అందుకే అందరం వరుసగ నిలబడి గడ్డిని దూసుకుంట పోయినం, అర్ధగంట. బస్ డ్రైవర్ హారన్ మీద హారన్. ఆఖరికి గులాబి తల తుమ్మ కొమ్మకు మెరుసుకుంట కనపడ్డది.