ఆశ్రమ గోశాలలో కోడెల లెక్క, ఎద్దుల పని, ముసలి పశువుల సాకుడు

గోశాల పెట్టాలనుకునే ఆశ్రమం ముందుగా ఆలోచించేది ఆవుల గురించి. చిక్కు వచ్చేది మాత్రం కోడెదూడల దగ్గర. పుట్టే దూడల్లో దాదాపు సగం కోడెలే. దేన్నీ అమ్మం, కబేళాకు వెళ్లనివ్వం అని సంకల్పం చెప్పుకున్నాక ప్రతి దూడా పద్దెనిమిది, ఇరవై ఏళ్లు మన గాడి దగ్గరే నిలబడుతుంది.

అందుకే కొట్టం కట్టకముందే ఒక లెక్క వేసుకోవాలి. ఏడాదికి జరిగే ఈతల్ని పశువు సగటు ఆయుష్షుతో గుణిస్తే, మంద చివరికి ఎంత దగ్గర ఆగుతుందో తేలుతుంది. ఏడాదికి రెండు ఈతలు, ఆయుష్షు 18 ఏళ్లు అనుకుంటే 36 తలలు. నాలుగు ఈతలైతే 72. భక్తులు తెచ్చి ఇచ్చేవి దీనికి అదనం. మొదటి ఐదారేళ్లు ఈ బరువు కనిపించదు. పాలు బాగానే ఉంటాయి, దూడలు ముద్దొస్తుంటాయి. పదో ఏట మేత ఖర్చు నెత్తిమీద పడుతుంది. కాబట్టి ఎదకొచ్చిన ప్రతి ఆవునూ కట్టించకండి. కోడెదూడల్ని ఏడాది నిండేలోపే ఆవుల దొడ్డిలోంచి వేరు చేయండి. పెయ్యలే ఎక్కువగా పుట్టే వీర్యం ఇప్పుడు దొరుకుతోంది. దానితో కోడెలు తగ్గుతాయేమో గానీ తలల లెక్క తగ్గదు. పైగా దున్నడానికి ఎద్దులు కావలసిన ఆశ్రమానికి అది అక్కర్లేదు.

400 కిలోల పశువుకు రోజుకు పచ్చిమేత 15–20 కిలోలు, ఎండుమేత 5 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 30–50 గ్రాములు, నీళ్లు 40–60 లీటర్లు కావాలి. ఎండల్లో నీళ్లు ఇంకా ఎక్కువ పడతాయి. 36 తలలకు ఏడాదికి వరిగడ్డే 65 టన్నులవుతుంది. ఎకరాకు రెండు టన్నుల గడ్డి అనుకున్నా ముప్పై ఎకరాల పైచిలుకు వరి కావాలి. అంత పొలం లేనివాళ్లు కోతల సమయంలో, ధర తక్కువగా ఉన్నప్పుడే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోవాలి. తడిగా కట్టలు కట్టిన గడ్డికి లోపల బూజు పడుతుంది. కొనేముందు నాలుగు కట్టలు విప్పి వాసన చూడండి. పచ్చిమేతకు నేపియర్ గడ్డి ఒక్కటే వేస్తే మాంసకృత్తులు చాలవు. మూడో వంతు దశరథ గడ్డి, అలసంద లేదా అవిశ కలపాలి. వానలు వెనకబట్టి గిడసబారిన లేత జొన్నను మాత్రం నోటికి అందనివ్వకండి. అందులో నాము అనే సైనైడ్ విషం ఉంటుంది. తిన్న పశువు గంటలోపే పడిపోవచ్చు. పూత దశ దాటాకే కోసి వేయాలి.

గుడి గోశాలల్లో పశువుల్ని చంపే వాటిలో భక్తి కూడా ఒకటి. పులిహోర, పొంగలి, నానబెట్టిన బియ్యం, బెల్లం గంపలకొద్దీ పెడతారు. పిండిపదార్థం ఒక్కసారిగా పడితే పెద్దపొట్టలో ఆమ్లం పెరుగుతుంది. నెమరు ఆగుతుంది, పేడ పల్చగా పుల్లటి వాసన వేస్తుంది, పశువు తూలుతుంది. అప్పుడు డాక్టరును వెంటనే పిలవాలి. పడుకున్న పశువుకు నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దీనికి విరుగుడు ‘పెట్టవద్దు’ అనే బోర్డు కాదు, ఏర్పాటు. గేటు దగ్గరే రెండు కిలోల పచ్చగడ్డి కట్టలు అమ్మండి, ప్లాస్టిక్ సంచులు అక్కడే తీసుకోండి. కనుమ రోజున ఇంకాస్త కాపలా అవసరం. కొమ్ములకు ఇనుప గేటుకు వేసే ఆయిల్ పెయింటు కాకుండా పసుపు, కుంకుమతో సరిపెట్టుకోవచ్చు.

వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించే ఆచారం తెలియని తెలంగాణ ఇల్లు అరుదు. అలా మొక్కుగా దూడలు వచ్చే చోట పెద్ద గండం, పాలు మరవకుండానే తల్లి నుంచి వేరైన లేగలు. ఆరు నెలలు నిండని దూడను తీసుకోబోమని ముందే చెప్పాలి. వచ్చిన ప్రతిదాన్నీ మూడు నాలుగు వారాలు వేరే పాకలో ఉంచి, నట్టల మందు తాగించి, గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించాకే మందలో కలపాలి. మన కొట్టంలో పుట్టిన దూడకు మొదటి రెండు గంటల్లోపే ముర్రుపాలు పట్టాలి. రోజుకు దాని బరువులో పదో వంతు పాలు దానివే. మిగిలితేనే మనకు.

ఇక కాడి. పని లేని ఎద్దు బరువెక్కుతుంది, పొగరెక్కుతుంది, చివరికి ఎవరికీ పట్టనిదవుతుంది. ఆరు నెలల వయసు నుంచే పలుపు పట్టి నడిపించండి. రోజూ పావుగంట చాలు. కదలడానికి, ఆగడానికి, దాపలికి (ఎడమకు), వలపలికి (కుడికి) తిరగడానికి ఒక్కొక్క మాట నిర్ణయించుకుని, పాలేరు నుంచి స్వామీజీ దాకా అందరూ అదే మాట వాడాలి. మనిషికో కూత అయితే గిత్త ఏదీ నేర్చుకోదు. జత కట్టేటప్పుడు ఎత్తు, నడక వేగం కలవాలి. రంగు తర్వాతి సంగతి. దాపల కట్టినదాన్ని ఎప్పుడూ దాపలే కట్టాలి.

రెండున్నరేళ్లకు ఖాళీ కాడి, తర్వాత ఒక దుంగ, ఆ తర్వాత ఖాళీ బండి. పూర్తి పని నాలుగో ఏటి నుంచే. కొత్త గిత్తను అనుభవమున్న ఎద్దు పక్కన కడితే సగం చదువు అదే చెబుతుంది. విత్తులు మరీ చిన్నప్పుడే కొట్టిస్తే మెడ, మూపురం నిండవు. రెండేళ్లు దాటాక, డాక్టరుతో మత్తు ఇప్పించి చేయించడం మేలు.

జత తన బరువులో పదో వంతు లాగుడును రోజంతా భరిస్తుంది. రెండూ కలిపి 900 కిలోలుంటే 90 కిలోల లాగుడు. నాగలికి, గుంటకకు ఇది చాలు. 1965 నాటి కేంద్ర నిబంధనలు రోజుకు 9 గంటలు మించకూడదని, మధ్యలో విశ్రాంతి లేకుండా 5 గంటలు దాటకూడదని, 37 డిగ్రీలు మించే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించకూడదని చెబుతాయి. ఆశ్రమంలో ఉదయం మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు చాలు. పనిరోజుల్లో కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా అదనంగా పెట్టాలి.

మెడ మీద పుండు పడితే తప్పు ఎద్దుది కాదు. కాడి గరుకుగా ఉందో, వానకు తడిసిందో, జతలో ఒకటి పొట్టిదో చూడండి. కాడి విప్పిన ప్రతిసారీ మెడను అరచేత్తో తడమాలి. వేడిగా, ఉబ్బుగా తగిలితే మర్నాడు పని లేదు. పుండు మాని కొత్త వెంట్రుకలు మొలిచేదాకా కాడి ఎత్తకూడదు. తారురోడ్డు మీద బండి నడిపితే నాడాలు వేయించాలి. గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఎద్దుకు ఎనిమిది.

పన్నెండు, పద్నాలుగేళ్లకు పని మాన్పించండి. తల ఒక పక్కకు వాల్చినా, మాటిమాటికీ విదిల్చినా, ముక్కు ఒక రంధ్రం నుంచి రక్తం కారినా కొమ్ము క్యాన్సర్ కావచ్చు. ఎద్దుల్లో ఇది ఎక్కువ. తొందరగా గుర్తిస్తే కొమ్ము తీసేసి బతికించవచ్చు. పళ్లు అరిగిన పశువుకు గడ్డి ముక్కలు చేసి, తడిపి పెట్టాలి. బలమైన పశువులతో కలిపి మేపితే దానికి మిగలదు, వేరే గాడి కావాలి. లేవలేనిదానికి కింద మందంగా గడ్డి పరిచి, మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే ఒత్తిడి పుళ్లు పడతాయి, కాకులు కళ్లు పొడుస్తాయి. నొప్పికి డైక్లోఫెనాక్ వాడనివ్వకండి. ఆ మందు పడిన పశువు కళేబరం తిన్న రాబందులు చస్తున్నాయని 2006లోనే పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మెలాక్సికామ్ అడగండి. చనిపోయాక గొయ్యి బావికి, బోరుకు దూరంగా, ఏడెనిమిది అడుగుల లోతు తీసి, సున్నం చల్లి పూడ్చాలి. వానాకాలంలో గొయ్యి తవ్వే యంత్రం పొలంలోకి దిగదు, కాబట్టి ఒక గొయ్యి మే నెలలోనే తవ్వించి, ఏ పశువూ పడకుండా చుట్టూ కంచె కట్టి ఉంచండి.