మెయిల్‌లో లింకు నొక్కితే వేరే బ్రౌజర్ తెరుచుకుంటోందా?

కడియపులంకలో ఒక నర్సరీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. “మెయిల్లో లింకు నొక్కితే మేం వాడని బ్రౌజర్ తెరుచుకుంటుందండి. పాస్‌వర్డులన్నీ క్రోమ్‌లో ఉన్నాయి. బెంగళూరు పార్టీ ఆర్డరు ఫారం నింపమంటున్నాడు, ఇదేమో మళ్లీ లాగిన్ అడుగుతోంది.” నేను వెళ్లేసరికి అక్కడి కుర్రాడు క్రోమ్‌ను రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఈ సమస్యకు అది మందు కాదు. పైగా ఒక్కోసారి కొత్త రోగం తెస్తుంది, ఎలాగో కింద చెబుతాను.

లింకు నొక్కగానే మెయిల్ ప్రోగ్రామ్ ఆ అడ్రసును విండోస్‌కు అందిస్తుంది. విండోస్ దాన్ని డిఫాల్ట్ బ్రౌజర్‌కు, అంటే లింకులు తెరవడానికి ముందే ఖాయం చేసి పెట్టుకున్న బ్రౌజర్‌కు పంపుతుంది. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు మాత్రం విండోస్‌ను అడక్కుండా సొంత సెట్టింగే చూసుకుంటాయి. చేనుకు నీళ్లు అందకపోతే మన రైతు ముందు కాలువలో నీళ్లున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే తూము దగ్గరికి వెళ్తాడు. ఇక్కడా అదే వరస, ముందు విండోస్, తర్వాత మెయిల్ ప్రోగ్రామ్.

విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఏదైనా వెబ్‌సైటు అడ్రసును ముందున్న హెచ్‌టీటీపీఎస్‌తో (https://) సహా టైపు చేసి ఎంటర్ కొట్టండి. మీ బ్రౌజరే తెరుచుకుంటే విండోస్ బాగానే ఉంది, మెయిల్ ప్రోగ్రామ్‌లో చూడాలి. వేరేది తెరుచుకుంటే విండోస్‌లోనే తేడా ఉంది. పది సెకన్ల పరీక్ష ఇది. ఇది చేయకుండా సెట్టింగులు కెలికితే మధ్యాహ్నం అంతా దానికే పోతుంది.

పరీక్షలోనూ వేరే బ్రౌజరే వస్తోంది

బ్రౌజర్ తెరవగానే “నన్ను డిఫాల్ట్ చేసుకోండి” అని ఒక బటన్ కనిపిస్తుంది కదా, అది నొక్కితే పని అయిపోయిందనుకుంటాం. విండోస్ 10, 11లలో చాలాసార్లు ఆ బటన్ మనల్ని సెట్టింగ్స్ దాకా తీసుకెళ్లి వదిలేస్తుంది. అక్కడ మనం ఎంచుకోకుండా కిటికీ మూసేస్తే ఏమీ మారదు.

విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్ వరసలో వెళ్లి మీ బ్రౌజర్ పేరు నొక్కండి. పైన “సెట్ డిఫాల్ట్” బటన్ ఉంటుంది. 2021లో వచ్చిన తొలి విండోస్ 11లో ఈ బటన్ లేదు, 2022 అప్‌డేట్లలో వచ్చింది. మీకు కనిపించకపోతే అప్‌డేట్ చేయండి. లేదా కింద జాబితాలో హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, హెచ్‌టీఎమ్, హెచ్‌టీఎమ్‌ఎల్ అనే వరసలు వెతికి ఒక్కొక్కటీ మార్చండి. నర్సరీ కుర్రాడు హెచ్‌టీఎమ్‌ఎల్ ఒక్కటే మార్చి ఊరుకున్నాడు. అది కంప్యూటర్‌లో దాచుకున్న ఫైళ్లకు పనికొస్తుంది. మెయిల్లో వచ్చే లింకులకు కావాల్సింది హెచ్‌టీటీపీఎస్, అది పాత బ్రౌజర్ దగ్గరే ఉండిపోయింది. కొన్ని లింకులు ఇటు, కొన్ని అటు పోతున్నా కారణం ఇలాంటిదే, హెచ్‌టీటీపీ ఒకరికీ హెచ్‌టీటీపీఎస్ ఇంకొకరికీ ఉంటుంది.

విండోస్ 10లో అదే డిఫాల్ట్ యాప్స్ పేజీలో “వెబ్ బ్రౌజర్” అన్న చోట మార్చుకోవచ్చు. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఆ సంగతి కూడా ఓసారి ఆలోచించుకోండి.

పరీక్షలో సరిగ్గా వచ్చింది, అవుట్‌లుక్‌లో మాత్రం ఎడ్జ్ వస్తోంది

మైక్రోసాఫ్ట్ 365తో వచ్చే మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌కు 2023 నుంచి లింకుల కోసం సొంత సెట్టింగ్ వచ్చింది. విండోస్‌లో మీరేం పెట్టుకున్నా అది మైక్రోసాఫ్ట్ సొంత బ్రౌజర్ అయిన ఎడ్జ్‌నే పిలవగలదు. పాత తరహా అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ తెరిచి కిందికి వస్తే, లింకులు ఏ బ్రౌజర్‌లో తెరవాలో అడిగే పెట్టె ఉంటుంది. అందులో “డిఫాల్ట్ బ్రౌజర్” ఎంచుకుని ఓకే కొట్టండి. కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ అయితే ఆ పెట్టె మీ చేతిలో ఉండకపోవచ్చు. అప్పుడు ఐటీ వాళ్లకే చెప్పాలి.

“అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి” అంటోంది

అవుట్‌లుక్‌లో లింకు నొక్కినప్పుడు ఈ మాట చూడగానే అందరికీ టెన్షన్. ఇంట్లో కంప్యూటర్‌కు అడ్మినిస్ట్రేటర్ ఎవరండీ, మనమే కదా! ఆంక్షల వల్ల ఈ పని ఆపేశామనో, మీ సంస్థ నియమాలు ఒప్పుకోవనో ఉంటుంది. ఎవరూ ఏ ఆంక్షా పెట్టలేదు. ఒక బ్రౌజర్‌ను తీసేసినప్పుడు దాని పేరు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే పుస్తకం) అలాగే మిగిలిపోతే, లేని మనిషికి ఉత్తరం పంపినట్టు అవుట్‌లుక్ దానికి లింకు పంపబోయి ఆగిపోతుంది. పదేపదే తీసి ఎక్కించొద్దని మొదట్లో అన్నది ఇందుకే.

ముందు తేలిక దారి చూడండి. ఎడ్జ్‌ను డిఫాల్ట్ చేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, అప్పుడు మీకు కావాల్సిన బ్రౌజర్‌ను డిఫాల్ట్ చేయండి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది. కాకపోతే రిజిస్ట్రీ ఎడిటర్ తెరవాలి. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, క్లాసెస్ కింద ముందు చుక్కతో ఉన్న హెచ్‌టీఎమ్‌ఎల్ ఫోల్డర్ నొక్కండి. కుడివైపు “డిఫాల్ట్” వరసలో తీసేసిన బ్రౌజర్ పేరు కనిపిస్తే దాన్ని చెరిపి “హెచ్‌టీఎమ్‌ఎల్‌ఫైల్” అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయండి. హెచ్‌టీఎమ్ ఫోల్డర్‌లోనూ అంతే. ముట్టుకునే ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఒక కాపీ దాచుకోండి. చెయ్యి వణికితే తెలిసినవాళ్లను పిలవండి, ఇందులో నామోషీ ఏం లేదు.

థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్ లింకును నోట్‌ప్యాడ్‌లోనో ఇంకెక్కడో తెరుస్తోంది

ఎప్పుడో ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలని అడిగినప్పుడు తొందరలో తప్పుది ఎంచుకుని “గుర్తుంచుకో” టిక్ పెట్టారన్నమాట. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ కింద ఫైళ్లు, అటాచ్‌మెంట్ల జాబితా ఉంటుంది. అందులో హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ వరసల్లో సరైన బ్రౌజర్ పెట్టండి, లేదా “ప్రతిసారీ అడుగు” అని పెట్టండి.

నొక్కితే అసలు ఏమీ జరగదు

ఆ మెయిల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూడండి. జంక్‌లో ఉంటే అవుట్‌లుక్ లింకులను కావాలనే పనిచేయనివ్వదు. పంపినవాళ్లు మీకు తెలిసినవాళ్లయితేనే ఇన్‌బాక్స్‌లోకి జరపండి. బ్యాంకు పేరుతో జంక్‌లో పడిన మెయిల్‌ను మాత్రం అక్కడే ఉండనివ్వండి.

బ్రౌజర్ సరైనదే, లాగిన్ మాత్రం వేరేవాళ్లది

భీమవరంలో ఒక రొయ్యల ఆఫీసులో ఇదే జరిగింది. ఒకే కంప్యూటర్ మీద అకౌంటెంటు గారికి ఒక క్రోమ్ ప్రొఫైల్, ఓనరు గారి అబ్బాయికి ఇంకొకటి. “నా మెయిల్లో లింకు నొక్కితే వాడి అకౌంటు వస్తుందేంటండీ?” అని ఆయన గొడవ. చివరగా వాడిన ప్రొఫైల్ కిటికీలోనే లింకు తెరుచుకుంటుంది. ముందు మీ ప్రొఫైల్ కిటికీని ఒకసారి ముందుకు తెచ్చి, అప్పుడు మెయిల్లో లింకు నొక్కండి. ఇద్దరికీ విండోస్‌లోనే విడివిడి యూజర్ అకౌంట్లు పెడితే ఈ గొడవే ఉండదు. నేను ఎప్పుడూ అదే చెబుతాను, ఎక్కువమంది వినరు.

వెబ్‌సైటులో మెయిల్ ఐడీ నొక్కితే వేరే ప్రోగ్రామ్ వస్తోంది

ఇది తిరగేసిన సమస్య. విండోస్ డిఫాల్ట్ యాప్స్‌లో “మెయిల్‌టూ” (మెయిల్ ఐడీ లింకులకు ఉన్న పేరు) అని వెతికి మీ మెయిల్ ప్రోగ్రామ్ పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్, అప్లికేషన్స్‌లోనూ మెయిల్‌టూ వరస ఒకటుంది, అదీ చూడాలి.

ఫోన్‌లో

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లో బ్రౌజర్ మార్చండి. అయినా లింకు జీమెయిల్ లోపలే తెరుచుకుంటుంటే జీమెయిల్ జనరల్ సెట్టింగ్స్‌లో, వెబ్ లింకులను జీమెయిల్‌లో తెరవమనే టిక్ తీసేయండి. ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచే డిఫాల్ట్ బ్రౌజర్ మార్చుకోవచ్చు, అంతకన్నా పాతదైతే సఫారీతోనే సర్దుకోవాలి.