కలరా వచ్చిన ఊళ్లో ముందుగా చూడవలసిన చోట్లు

వాంతులు, విరేచనాల కేసులు వరుసగా బయటపడగానే మురుగుకాల్వల అంచున బ్లీచింగ్ పౌడర్ చల్లి, పని అయిపోయిందనుకోవడం మన ఊళ్లలో పాత అలవాటు. కలరా క్రిమి నోటి ద్వారానే లోపలికి వెళుతుంది కాబట్టి ఆ పౌడర్ చేరవలసింది తాగేనీటి ట్యాంకుకు.

అందువల్ల మొదట నీరు వచ్చే దారిని పరిశీలించాలి. కోనసీమ తీరగ్రామాల్లో బోరునీరు ఉప్పగా ఉన్నచోట జనం కాలువనీటితో నింపిన మంచినీటి చెరువుల మీదే ఆధారపడతారు. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ చెరువులు అడుగంటుతాయి, గోదావరికి వరద వస్తే లంకల్లో మరుగుదొడ్ల నీరూ చేతిపంపు నీరూ ఏకమవుతాయి. కుళాయి కాసేపే వచ్చే ఊళ్లలో చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. నీరు ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పగులు ఉన్నచోట చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. ఇళ్లలో మోటార్లు పెట్టి లాగితే ఇది మరింత పెరుగుతుంది. రోగుల ఇళ్లను కాగితం మీద గుర్తించి, అవి ఏ పైపులైను మీద ఉన్నాయో చూసి, ఆ లైను డ్రైనులో మునిగిన చోటును ముందుగా తవ్వించండి.

వెయ్యి లీటర్ల తేటనీటికి సుమారు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి అరగంట ఆగాలి. బురదనీటిలో క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది గనుక ముందు పటికతో తేర్చాలి. పరీక్ష ట్యాంకు దగ్గర చేసి ఊరుకోకుండా, చివరి కుళాయి వద్ద లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చూడాలి.

ఇంట్లో బిందెలో చేయి ముంచి నీరు తీయడం, రాత్రి మిగిలిన అన్నం బయటే ఉంచి పొద్దున్న తినడం, ఏటిమొగల దగ్గర పట్టిన రొయ్యలను సగం ఉడికించడం ప్రమాదకరం. ఉప్పూ మంచినీరూ కలిసే చోట ఈ క్రిమి మనుషులతో పని లేకుండానే బతుకుతుంది. సోకినవారిలో చాలామందికి లక్షణాలే కనిపించవు, అయినా కొన్ని రోజులపాటు వారి మలంలో క్రిమి పోతూనే ఉంటుంది. కాబట్టి దినం భోజనాలకు వండేవారు ఆరోగ్యంగా ఉన్నా సబ్బుతో చేతులు కడుక్కోవలసిందే. అసిడిటీ మాత్రలు రోజూ వాడేవారికి కడుపులోని ఆమ్లం తగ్గడం వల్ల ముప్పు ఎక్కువ.

విరేచనాలు గంజినీళ్లలా అవుతుంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి బయలుదేరాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే, మరిగించి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి దారిపొడవునా గుటక గుటకగా పట్టిస్తూ ఉండాలి.