జాంగోతో గ్రంథాలయం యాప్ – 6వ భాగం: పుస్తకాల జాబితా, టెస్టు సెట్టింగ్‌లు

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగో ఫ్రేమ్‌వర్క్‌తో చేస్తున్న మన గ్రంథాలయం యాప్‌లో, పోయిన భాగంలో ఒక్కో పుస్తకానికి వివరాల పేజీ తయారైంది. కానీ గ్రంథాలయానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "మీ దగ్గర ఏమేం పుస్తకాలున్నాయి?" అనే. అందుకే ఇప్పుడు జాబితా పేజీ పెడదాం. దాంతోపాటు ఇన్నాళ్లూ ఎక్కడపడితే అక్కడ చేరిపోయిన టెస్టు సెట్టింగ్‌లను ఒకచోటికి తెద్దాం. పైకి రెండూ వేర్వేరు పనుల్లా ఉంటాయి గానీ, సెట్టింగ్‌లు సరిగా లేకపోతే జాబితాలోని తప్పు టెస్టుల కంటికి ఆనదు. ఈ పాఠంలో అసలు పట్టు అక్కడే ఉంది.

ఎప్పటిలాగే కోడ్‌లోని పేర్లు తెలుగు లిపిలో ఇస్తున్నాను. ఎడిటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేయండి.

ముందు వ్యూ, అంటే పేజీ అడిగినప్పుడు ఏం చూపాలో చెప్పే కోడ్. లైబ్రరీ యాప్‌లోని వ్యూస్ ఫైల్‌లో బుక్‌లిస్ట్ అనే క్లాసు రాయండి. జాంగో ఇచ్చే లిస్ట్‌వ్యూ దానికి మాతృక. లోపల రెండే లైన్లు: మోడల్‌కు బుక్, పేజినేట్_బై‌కి 20. యూఆర్‌ఎల్స్ ఫైల్‌లో 'బుక్స్/' దారిని ఈ వ్యూకి కలిపి, 'బుక్-లిస్ట్' అని పేరు పెట్టండి. టెంప్లేట్ పేరు మనం చెప్పనక్కర్లేదు. యాప్ పేరు, మోడల్ పేరు కలిపి లైబ్రరీ ఫోల్డర్‌లో బుక్_లిస్ట్ అనే హెచ్‌టీఎంఎల్ ఫైల్ కోసం జాంగోయే వెతుక్కుంటుంది. అందులో బుక్_లిస్ట్ మీద ఫర్ లూప్ నడిపి, ఒక్కో పుస్తకానికి పేరు, రచయిత, ప్రచురించిన ఏడాది చూపండి. లూప్‌లో ఎంప్టీ ట్యాగ్ మరవకండి. పుస్తకాలేవీ చేరకముందు పేజీ తెరిచినవాళ్లకు తెల్లటి ఖాళీ కాకుండా "ఇంకా పుస్తకాలు చేర్చలేదు" అన్న మాట కనిపించాలి. కింద ముందు పేజీ, తరవాతి పేజీ లింకులకు పేజ్_ఆబ్జ్ ఉంది.

పేజీ తెరవండి. జాబితా వస్తుంది. టెర్మినల్‌లో మాత్రం 'అనార్డర్డ్ ఆబ్జెక్ట్ లిస్ట్' అని ఒక హెచ్చరిక పడుతుంది. చాలామంది దాన్ని చూసీచూడనట్టు వదిలేస్తారు. వదలకండి. వరస చెప్పకుండా అడిగితే డేటాబేస్ తనకు తోచిన వరసలో ఇస్తుంది, రెండోసారి అదే వరసలో ఇస్తానని మాటేమీ ఇవ్వదు. దాంతో మొదటి పేజీలో చూసిన పుస్తకమే రెండో పేజీలోనూ రావచ్చు, మరో పుస్తకం ఏ పేజీలోనూ రాకపోవచ్చు.

కొత్త పుస్తకాలు ముందు రావాలనుకుందాం. ఆర్డరింగ్‌లో ఇయర్ ముందు మైనస్ గుర్తు పెడితే చాలనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త. ఇయర్ ఫీల్డును ఖాళీగా వదిలే వీలు మనమే ఇచ్చాం. పాత పుస్తకాల ముఖపత్రం చిరిగిపోయి ఉంటే ఏ ఏడు అచ్చయిందో ఎవరు చెప్పగలరు? మనం వాడే రెండు డేటాబేస్‌లలో, ఈ ఖాళీ విలువలను ఎస్‌క్యూలైట్ అన్నిటికన్నా చిన్నవిగా లెక్కేస్తుంది, పోస్ట్‌గ్రెస్ అన్నిటికన్నా పెద్దవిగా లెక్కేస్తుంది. అంటే లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్‌తో చూస్తే ఏడాది తెలియని పుస్తకాలు బుద్ధిగా చివరికి పోతాయి. సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ మీద అవే పుస్తకాలు మొదటి పేజీని ఆక్రమిస్తాయి. కోడ్ అక్షరం మారలేదు, టెస్టులన్నీ పాసయ్యాయి, అయినా పాఠకుడికి కనిపించేది తప్పు పేజీ.

అందుకని ఏది ఎక్కడుండాలో మనమే తేల్చి చెబుదాం. మోడల్ లైను తీసేసి క్వెరీసెట్ అనే లైను రాయండి. అందులో ఆర్డర్_బై‌కి మూడు విషయాలు ఇవ్వాలి: ఎఫ్ ఆబ్జెక్టుతో ఇయర్ తీసుకుని డెస్క్ (పెద్దది ముందు వచ్చే వరస) పిలిచి, దానికి నల్స్_లాస్ట్ ట్రూ (ఖాళీలు చివరికి), ఆ తరవాత టైటిల్, చివర పీకే (ప్రతి పుస్తకానికీ వేరుగా ఉండే ప్రైమరీ కీ). ఒకే ఏడాది, ఒకే పేరుతో రెండు ప్రతులుంటే వాటి మధ్య వరస తేల్చేది పీకేయే. పేజీలుగా విడగొట్టే ప్రతి జాబితాకూ ఇలాంటి తిరుగులేని చివరి ఫీల్డు ఒకటి ఉండాలని నా గట్టి నమ్మకం.

అదే లైనులో సెలెక్ట్_రిలేటెడ్‌కు ఆథర్ కూడా ఇవ్వండి. లేకపోతే ప్రతి పుస్తకానికీ రచయిత పేరు కోసం విడిగా డేటాబేస్‌కు ఒక క్వెరీ (ప్రశ్న) వెళ్తుంది. మొత్తం లెక్కకు ఒకటి, జాబితాకు ఒకటి, రచయితలకు 20, వెరసి ఒక్క పేజీకి 22. ఈ ఒక్క మాట చేరిస్తే రెండే.

ఇక సెట్టింగ్‌లు. ఇప్పుడు మన సెట్టింగ్స్ ఫైల్ అడుగున "కమాండ్‌లో టెస్ట్ అనే మాట ఉంటే ఎస్‌క్యూలైట్ వాడు" అనే ఇఫ్ ఉంది. దాన్ని తీసేయండి. అది డేటాబేస్‌నే మార్చేస్తోంది, పైగా టెస్టులు నడిపే పనిముట్టు పైటెస్ట్‌తో నడిపినప్పుడు ఆ షరతు అసలు పనిచేయదు, ఎవరికీ చెప్పకుండా మరో దారి పడుతుంది. బదులుగా సెట్టింగ్స్ అనే ఫోల్డర్ చేసి బేస్, లోకల్, టెస్ట్ అని మూడు ఫైళ్లు పెట్టండి. సెట్టింగ్స్ ఒక ఫోల్డర్ లోపలికి దిగింది కాబట్టి బేస్_డిర్ లెక్కలో ఒక పేరెంట్ పెంచాలి. మేనేజ్ ఫైల్‌లోని సెట్టింగ్స్ దారిని లోకల్‌కు, సర్వర్ వాడే డబ్ల్యూఎస్‌జీఐ ఫైల్‌లోని దారిని బేస్‌కు మార్చాలి. పైటెస్ట్ ఐఎన్‌ఐ ఫైల్‌లో జాంగో_సెట్టింగ్స్_మాడ్యూల్‌ను టెస్ట్ ఫైల్‌కు చూపితే, ఎవరు ఎక్కడ నడిపినా ఒకటే సెట్టింగ్.

టెస్ట్ ఫైల్‌లో ఏముండాలి? బేస్ మొత్తం తెచ్చుకుని, తేడాలు మాత్రమే రాయాలి. డేటాబేస్ బేస్‌లోని పోస్ట్‌గ్రెస్సే. మీ అసలు డేటాకు భయం లేదు, జాంగో పేరు ముందు 'టెస్ట్_' చేర్చి వేరే డేటాబేస్ సృష్టించుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు డేటాబేస్ సృష్టించే అనుమతి ఇస్తే చాలు. పాస్‌వర్డ్ హ్యాషర్‌ను (పాస్‌వర్డ్‌ను దాచిపెట్టే రూపంలోకి మార్చే కోడ్) త్వరగా పనయ్యే ఎండీ5కి మార్చండి. మామూలు హ్యాషర్ కావాలనే నెమ్మదిగా నడుస్తుంది, జాంగో 4.2లో అది 6,00,000 సార్లు తిరుగుతుంది. టెస్టులో యూజర్‌ను సృష్టించిన ప్రతిసారీ ఆ శ్రమ అనవసరం. ఎండీ5 బలహీనమైనది కాబట్టి ఈ ఫైల్ దాటి బయటకు పోకూడదు. అప్‌లోడ్ చేసే అట్టల బొమ్మలకు 4.2లో వచ్చిన ఇన్‌మెమరీ స్టోరేజ్ వాడితే డిస్కు మీద చెత్త మిగలదు. ఈమెయిల్ బ్యాకెండ్, డీబగ్ లైన్లు తీసేయండి. టెస్టులప్పుడు ఆ రెండింటినీ జాంగోయే చూసుకుంటుంది.

ప్రతి టెస్టు ఫైల్‌లోనూ రచయితను, పుస్తకాన్ని సృష్టించే లైన్లు మళ్లీమళ్లీ రాశాం. వాటిని కాన్ఫ్‌టెస్ట్ ఫైల్‌లో టెస్టులన్నీ పంచుకునే ఫిక్స్చర్‌గా పెట్టండి. పైటెస్ట్ దాన్ని తానే కనుక్కుంటుంది, ఇంపోర్ట్ అక్కర్లేదు.

ఇప్పుడు మూడు టెస్టులు. 25 పుస్తకాలు పెట్టి, రెండు పేజీల్లోని పీకేలు కలిపితే ఏదీ రెండుసార్లు రాకుండా 25 ఉన్నాయేమో చూడండి. ఏడాది లేని పుస్తకాన్ని వాటిలో ఒకటిగా చేర్చి, అది రెండో పేజీ చివర ఉందేమో చూడండి. క్వెరీల లెక్క చూసే జాంగో_అసర్ట్_నమ్_క్వెరీస్‌కు 2 ఇచ్చి మొదటి పేజీ తెరవండి. తరవాత నల్స్_లాస్ట్ తీసేసి మళ్లీ నడపండి. రెండో టెస్టు విఫలం కావాలి. కాలేదంటే టెస్టులు ఇంకా ఎస్‌క్యూలైట్ మీదే నడుస్తున్నాయేమో వెతకండి.

టైటిల్ వరసలో ఇంకో చిక్కు ఉంది. మన వర్ణమాలలో ళ అనేది హ తరవాత వస్తుంది, యూనికోడ్‌లో మాత్రం దాని స్థానం ల వెనకే, వ కన్నా ముందు. బైట్ల వారీగా పోల్చే డేటాబేస్‌లో 'కళ' ముందొచ్చి 'కవి' వెనకబడుతుంది. వచ్చే భాగంలో దానికి కొలేషన్, అంటే అక్షరాల వరస నియమం, పెడదాం. ఈలోగా ఆ రెండు పేర్లతో రెండు పుస్తకాలు చేర్చి, మీ పోస్ట్‌గ్రెస్ ఏ వరస ఇస్తుందో రాసిపెట్టుకోండి.